శుక్రగ్రహపు రాణి గుణదోషాలు

హైమవతి ఒకప్పుడు శుక్రగ్రహానికి రాణి.

ఈ మాట ఎవరితో అన్నా నవ్వేవాళ్ళే గాని నమ్మేవాళ్ళు లేరు. వాళ్ళ తప్పేం లేదు. నమ్మాలంటే ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా.

పెళ్ళయిన కొత్తలో ఆమె స్త్రీల కార్యక్రమంలో వంకాయ పచ్చడి గురించి మాట్లాడడానికి టీవీ కేంద్రానికి వెళ్ళింది. పక్క స్టూడియోలో 'ఆకాశంలో అద్దె ఇల్లు' అనే సైన్సు సీరియల్ తీస్తున్నారు. రాణి వేషం వెయ్యాల్సిన అమ్మాయికి గవదబిళ్ళలు వచ్చాయి. వరండాలో జుట్టు పీక్కుంటున్న నిర్మాత హైమవతిని ఎగాదిగా చూసి, "అమ్మాయ్, రేపు పొద్దున శుక్రగ్రహానికి రాగలవా? పట్టుచీర ఉంటే తెచ్చుకో, మా దగ్గర లేదు" అన్నాడు. పట్టాభిషేకం అంతటితో అయిపోయింది.

పట్టుచీర హైమవతి దగ్గరా లేదు. అత్తగారి పెళ్ళిచీర పెట్టె అడుగున ఉంటే చెప్పకుండా తీసుకెళ్ళింది. స్టూడియోవాళ్ళు దాని మీద జిగురుతో వెండి కాగితం నక్షత్రాలు అంటించారు. నక్షత్రాలు ఊడాయి గాని జిగురు మరకలు పోలేదు. చీర మడతపెట్టి మళ్ళీ పెట్టెలో దాచేసింది. అత్తగారు మాణిక్యమ్మ ఆ తర్వాత ఎప్పుడో చూసి "బొద్దింకలు" అని ఊరుకుంది.

ప్రసారమైన ఆదివారం సాయంత్రం ఇల్లంతా జనం. పేర్లు పడ్డాయి. రాకెట్టు లేచింది. రాణి ఇంకాసేపట్లో వస్తుందనగా కరెంటు పోయింది. వీధి మొత్తం చీకటి. మళ్ళీ వచ్చేసరికి టీవీలో వరి పైరుకు దోమపోటు గురించి చెబుతున్నారు. భర్త పురుషోత్తం విద్యుత్ శాఖలోనే ఉద్యోగి. "అది కోత కాదు, బ్రేక్‌డౌన్" అని ఈ రోజుకీ వివరిస్తాడు, ఆ తేడాలో భార్యకేదో ఊరట ఉన్నట్టు.

మాణిక్యమ్మ మాత్రం పేరంటాలకెళ్ళినప్పుడల్లా, "మా కోడలు టీవీలో వచ్చింది. చీకట్లో వచ్చింది" అని చెప్పేది.

అప్పట్లో టీవీలో ఒకసారి వేసింది మళ్ళీ వేసేవాళ్ళు కాదు. ఇప్పుడు హైమవతికి మనవలున్నారు, మోకాళ్ళ నొప్పులున్నాయి, నెరిసిన జుట్టుంది. ఒక్కటే కోరిక మిగిలింది. తనని తాను ఆ వేషంలో ఒక్కసారి చూసుకోవాలి. ముఖ్యంగా ఒక చోట, ఒక మాట అడిగి రాకెట్టు కెప్టెన్ వంక చూస్తూ నిలబడింది. అప్పుడు తన మొహం ఎలా ఉందో చూడాలి.

అలాంటప్పుడు ఫోన్ వచ్చింది.

* * *

రాష్ట్ర పురాతన దృశ్య కార్యక్రమ గుణదోష నిర్ధారణ మరియు పరిరక్షణ సంస్థ పేరు రాయడానికి ముందుగోడ చాలలేదు. బోర్డు మలుపు తిరిగి పక్కగోడ మీదికి వెళ్ళింది. 'పరిరక్షణ' అనే మాట సందులో పడింది. అది కనబడాలంటే స్కూటర్లు పక్కకు జరపాలి.

లోపల సంయుక్త సంచాలకుడు చక్రపాణి హైమవతిని ఒక పొడవాటి బల్ల చివర కూర్చోబెట్టాడు. ఆ చివర అధ్యక్షుడు గరుడాచలం. ఆయన సహకార శాఖలో పదవీ విరమణ చేసి, విశ్రాంతి ఇష్టంలేక ఈ పదవి స్వీకరించాడు. టీవీ ఇంట్లో ఉందిగాని, చూసే అలవాటు లేదని ఆయనే చెప్పుకున్నాడు, కొందరు తమకు పేకాట రాదని చెప్పుకున్నట్టు.

"సదరు భాగములో పాల్గొన్న వారిలో ప్రస్తుతము జీవించి ఉన్నవారు తమరొక్కరే" అన్నాడు చక్రపాణి, ఆమె అందుకోసం దరఖాస్తు పెట్టుకున్నట్టు. "కెప్టెన్ పాత్రధారి లేరు. నిర్మాత లేరు. కావున భాగము యొక్క మనుగడ విషయమై తమరి వాంగ్మూలము కీలకమై ఉన్నది."

"టేపు ఉందాండీ?" అంది హైమవతి.

"ఉన్నది. బీరువాలో భద్రముగా ఉన్నది."

"అయితే ఒక్కసారి వేసి చూపిస్తే..."

పెళ్ళిపందిట్లో తద్దినం మాటెత్తినట్టు అందరూ ఆమె వంక చూశారు.

"అమ్మా" అన్నాడు గరుడాచలం, చిన్నపిల్లకు చెప్పినట్టు, "టేపు పాతబడినది. వేసిన కొద్దీ అరుగుతుంది. అరిగేది విలువైనదో కాదో తేలకుండా అరగదీయరాదు. కనుక గుణదోష నిర్ధారణ పూర్తి కానిదే ఏ భాగమునూ ఎవరునూ చూడరాదు. ఇది మా మూల నియమం."

"చూడకుండా గుణదోషాలు ఎలా తెలుస్తాయండీ?"

"చూస్తే అభిప్రాయం కలుగుతుంది. అభిప్రాయం కలిగినవాడు తీర్పు చెప్పరాదు. నేను సహకార శాఖలో ఉన్నంతకాలం ఒక్క సంఘాన్నీ కంటితో చూసి ఎరగను. నా మీద ఒక్క పక్షపాత ఆరోపణ లేదు. చక్రపాణి గారూ, కానివ్వండి."

హైమవతికి ఇలాంటి చోట్ల అనుభవం లేదు. అడిగారు కదా అని ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతుంటే పాత రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది కూడా. రాకెట్టు అంటే నాలుగు ఇడ్లీ రేకులూ ఒక మూతా. నక్షత్రాలంటే నల్ల దుప్పటికి చిల్లులు పొడిచి వెనక బల్బులు పెట్టడం. కెప్టెన్ గోడకి ఆనుకోగానే శుక్రగ్రహం మొత్తం ఊగింది. మధ్యలో ఒక బల్లి ఆకాశానికి అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుచుకుంటూ వెళ్ళి, ధ్రువనక్షత్రం దగ్గర ఆగి, ఒక పురుగును తిని, మళ్ళీ బయల్దేరింది.

ఆమె నవ్వుతోంది. చక్రపాణి ప్రతి దానికీ "దోషము" అని పైకి అనుకుంటూ రాసుకుంటున్నాడు.

"ఇక గుణములు?"

హైమవతి సర్దుకుని కూర్చుంది. "కథలో ఏమవుతుందంటే, భూమి నుంచి వచ్చిన కెప్టెన్ రాణి ముందు గొప్పలు చెబుతాడండీ. మా భూమ్మీద ఇప్పుడు ఎవరూ కష్టపడరు, వంటకి యంత్రం, బట్టలకి యంత్రం, గిన్నెలకి యంత్రం, మీట నొక్కితే చాలు, ఆడవాళ్ళు కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు అంటాడు. అప్పుడు రాణి అడుగుతుంది. 'ఆ మీట నొక్కేదెవరు?' అని."

"అంతట కెప్టెన్ ఏమి బదులు చెప్పెను?"

"ఏదో చెప్పాలండీ, రాసుంది. కానీ ఆయన మర్చిపోయారు. అలా నిలబడిపోయారు. నేనూ ఆయన వంకే చూస్తూ నిలబడ్డాను. స్టూడియోలో ఫాను తిరుగుతున్న చప్పుడు కూడా వినబడింది. నిర్మాతగారు ఆపమనలేదు. తర్వాత నాతో అన్నారు, 'ఈ సీరియల్ మొత్తంలో బతికేది ఈ ఒక్క నిశ్శబ్దమేనమ్మా' అని."

చక్రపాణి రాసుకున్నాడు. "నటుడు సంభాషణ మరచుట, దోషము. నిశ్శబ్దము, ప్రసార కాలమునకు నష్టము, దోషము. రాణి ప్రశ్నకు సమాధానము లేకుండుట, కథా దోషము." కొంచెంసేపు ఆలోచించి, ఆమె మీద జాలిపడి, గుణాల కింద ఒకటి చేర్చాడు. "స్టూడియోకు సమయానికి హాజరగుట."

"గుణములు మించినచో పరిరక్షణ" అన్నాడు గరుడాచలం లేస్తూ. "దోషములు మించినచో చెరిపివేత. తదుపరి సమావేశంలో తేల్చెదము."

"చెరిపివేతా?" అంది హైమవతి.

అప్పటికే టీ వచ్చింది. ఎవరూ వినలేదు.

* * *

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. మాణిక్యమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎనభై దాటినా చూపు పదును, నాలుక అంతకన్నా పదును.

"ఏమంటున్నారే మీ శుక్రగ్రహం వాళ్ళు?"

"చెరిపేస్తారట అత్తయ్యా. తప్పులు ఎక్కువున్నాయట."

"ఎవరు చెప్పారు వాళ్ళకి తప్పులు?"

"నేనే."

"బాగుంది. పెళ్ళిచూపుల్లో మన పిల్లకి మెల్ల అని మనమే చెప్పినట్టు. రబ్బరు చెప్పుల సంగతి కూడా చెప్పి చచ్చావా?"

"అది చెప్పలేదు."

"పోన్లే, ఆ మాత్రం బుద్ధుంది."

రాణికని తెచ్చిన వెండి జోళ్ళు కాలికి పట్టక, ఆ రోజు తన రబ్బరు చెప్పులతోనే రాజ్యం ఏలింది. ఆ ముక్క అత్తగారికి ఎప్పుడు చెప్పిందో గుర్తు రాలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడో నోరు జారి ఉంటుందిలే అనుకుని లేచి కూర పోపు వెయ్యడానికి వెళ్ళింది.

పురుషోత్తం పేపరు చాటు నుంచి, "వాళ్ళడిగినదానికల్లా గొప్పగా ఉందనే చెప్పాల్సింది. మా ఆఫీసులో అంతే. ట్రాన్స్‌ఫార్మరు పేలినా 'స్వల్ప శబ్దం' అనే రాసేవాళ్ళం" అన్నాడు.

పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే హైమవతి నిర్ణయించుకుంది. ఇక ఏ దోషమూ దోషం కాదు.

* * *

రెండో సమావేశానికి కొత్తగా ఒక ఖగోళ శాస్త్రవేత్తను పిలిచారు. ప్రొఫెసర్ దివాకరం. ఆయన టేపును చూడడానికి వీల్లేదు గనక, శుక్రగ్రహాన్ని కూడా ఎవరూ దగ్గర్నుంచి చూడలేదు గనక, రెంటి మీదా సమానమైన అధికారంతో మాట్లాడాడు.

"గోడ ఊగడం దోషం కాదండీ" అంది హైమవతి, ఇంటి దగ్గర అద్దం ముందు చెప్పుకుని వచ్చిన మాట. "అక్కడ భూకంపాలొస్తాయని చూపించడం."

దివాకరం కళ్ళజోడు తీశాడు. "శుక్రగ్రహము మీద భూకంపమా? భూమి లేనిచోట భూకంపమెట్లు వచ్చును?"

గరుడాచలం ఆసక్తిగా ముందుకు వంగాడు. ఆ విషయం మీద మధ్యాహ్న భోజనం దాకా చర్చ జరిగింది. చివరికి ఊగుట గుణమే గాని దానికి పెట్టిన పేరు దోషమని తీర్మానించారు. లెక్క సమానమైంది. హైమవతి ఊపిరి పీల్చుకుంది.

"మరియొక అంశము" అన్నాడు దివాకరం. "శుక్రుని ఉపరితలము మీద వేడికి సీసము కరిగిపోవును. అట్టిచోట రాణి పట్టుచీర ధరించుట అశాస్త్రీయము."

"మంచి పట్టండీ" అంది హైమవతి. "ఇప్పటికీ ఉంది. కరగలేదు."

దివాకరం ఒక్క క్షణం ఆలోచించి, ఇది ప్రత్యక్ష సాక్ష్యం కాబట్టి తాను విరమించుకుంటున్నట్టు చెప్పాడు.

అంతా బాగా నడుస్తోందనుకునే లోపల బల్లి దగ్గర బండి ఆగిపోయింది.

బల్లి ఉండుట వలన శుక్రగ్రహము మీద జీవరాశి కలదని ప్రజలు నమ్ముదురు, ఇది దోషమని దివాకరం. బల్లి నడిచిన దిక్కును బట్టి ఫలితం చెప్పాలి, తూర్పు నుంచి పడమరకా, పడమర నుంచి తూర్పుకా, కెప్టెన్ భుజం మీద గాని పడిందా, పడితే ఏ భుజమని గరుడాచలం. ఆయనకు బల్లిశాస్త్రం కంఠతా వచ్చు. ఆకాశంలో తూర్పూ పడమరా ఉండవని దివాకరం. తూర్పు లేకపోతే మీ సూర్యుడు ఎటు ఉదయిస్తాడయ్యా అని గరుడాచలం. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

చక్రపాణి మధ్యలో కాగితం పైకెత్తాడు. "అయ్యలారా, అంతకన్నా గంభీరమైన విషయమున్నది. చిత్రీకరణలో జంతువును వినియోగించుటకు అనుమతి పత్రము జత చేయబడలేదు. సదరు బల్లి హింసకు గురి కాలేదని నిరూపణ కావలెను."

అందరూ హైమవతి వైపు తిరిగారు.

"ఆ బల్లి ఇప్పుడెక్కడుంది?" అన్నాడు గరుడాచలం.

"నాకేం తెలుసండీ! అది సంతోషంగానే వెళ్ళింది. పురుగును కూడా తింది."

"పురుగునా?" చక్రపాణి కలం మళ్ళీ కదిలింది. "అనగా రెండవ జంతువు."

ఆ సాయంత్రం నుంచి ఉత్తరాలు వెళ్ళాయి. పశుసంవర్ధక శాఖకు బల్లి గురించి, అగ్నిమాపక శాఖకు దుప్పటి వెనక బల్బుల గురించి, రవాణా శాఖకు రాకెట్టు గురించి. రవాణా శాఖ ఒక్కటే వెంటనే జవాబిచ్చింది. నాలుగు ఇడ్లీ రేకుల వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వడానికి అభ్యంతరం లేదని, అయితే వాహనాన్ని ఆఫీసుకు తీసుకురావాలని.

హైమవతి తీసుకెళ్ళింది. ఆ ఇడ్లీ పాత్ర ఆమెదే. నిర్మాత అడిగితే ఇచ్చింది, పని కాగానే తెచ్చుకుంది, ఇప్పటికీ ఆదివారాలు అందులోనే వండుతుంది. ఇన్‌స్పెక్టరు మూత తీసి, లోపల చూసి, "హారన్ లేదు" అని తిప్పి పంపాడు.

"నా తల్లే! ఇడ్లీ పాత్రకి హారనా!" అని మాణిక్యమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఇన్నాళ్ళూ మనం హారన్ లేకుండానే తిన్నామే!"

"మీకు నవ్వులాటగా ఉంది" అంది హైమవతి. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి, అవి వేరు. "ఒక్కసారి చూసుకుందామనుకున్నాను అత్తయ్యా. అంతే. పోతే పోయింది."

మాణిక్యమ్మ నవ్వు ఆపింది. ఏదో అనబోయి, మానేసి, చెంగుతో ముక్కు తుడుచుకుంది.

* * *

మూడో సమావేశంలో చక్రపాణికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మెరుపు ఎక్కడ పడుతుందో అప్పటికి ఎవరికీ తెలీదు.

"వాంగ్మూలములో పరస్పర వైరుధ్యములు ఉన్నవి. మొదట దోషములన్నవే తరువాత గుణములైనవి. భాగమును చూచుటకు వీలు లేదు. కావున భాగమును మనమే మరల ప్రదర్శించి, దానిని చూచి గుణదోషములు తేల్చవచ్చును. నియమము అసలు భాగమునకే గాని నమూనాకు వర్తించదు."

గదిలో చప్పట్లు. హైమవతి కూడా కొట్టింది. నెరిసిన జుట్టుకు రంగు వేసుకుంటే సరిపోతుంది, మాటలు ఇప్పటికీ నోటికొచ్చు.

"నేనెప్పుడు రమ్మంటారు?"

"తమరు రావచ్చును, కూర్చొనవచ్చును" అన్నాడు చక్రపాణి. "కాని స్వయముగా నటించినవారే తమ దోషముల నమూనాలో నటించుట స్వప్రయోజనము క్రిందికి వచ్చును. రాణి పాత్రకు నిష్పాక్షికమైన వ్యక్తి కావలెను. అధ్యక్షుల వారి సతీమణి దయతో అంగీకరించినారు. కెప్టెన్‌గా అధ్యక్షుల వారు."

ప్రదర్శన రోజు కాన్ఫరెన్సు హాలులో హైమవతి వెనక వరస కుర్చీలో కూర్చుంది. అటెండరు యాదగిరి కెమెరాకు అడ్డం వస్తున్నారని, "మేడం, జర ఇటు జరుగుర్రి" అని ఆమె కుర్చీని స్తంభం చాటుకు లాగాడు. అక్కణ్ణుంచి సగం శుక్రగ్రహమే కనబడుతుంది.

గోడ ఈసారి ఊగలేదు. రోడ్లు భవనాల శాఖ వారు ఇటుకతో కట్టి ప్లాస్టరింగు కూడా చేశారు. నక్షత్రాల స్థానంలో ట్యూబులైట్లు. బల్లి రబ్బరుది, హింసకు ఆస్కారం లేదు. దాన్ని యాదగిరి దారంతో లాగాడు. తూర్పు నుంచి పడమరకు, శుభదిక్కు అని. రాకెట్టుకు హారన్ బిగించారు. రాణిగారి మొహానికి వెండి రంగు దట్టంగా పూశారు. కిరీటం కనుబొమల దాకా దిగింది.

గరుడాచలం అంతరిక్ష దుస్తుల్లో గోడకు ఆనుకుని భూమి గొప్పలు చెప్పాడు. రాణి చూసి చదివింది. "ఆ మీట నొక్కేదెవరు?"

హైమవతి ఊపిరి బిగబట్టింది.

"సంబంధిత శాఖ వారు నొక్కుదురు" అన్నాడు గరుడాచలం వెంటనే, గంభీరంగా.

చప్పట్లు మారుమోగాయి. దోషాలన్నీ పోయాయని, భాగం పూర్తిగా గుణమయమని సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. 'ఆకాశంలో అద్దె ఇల్లు' పరిరక్షించబడుతుందని, ఆదివారం సాయంత్రం పునఃప్రసారం అవుతుందని చక్రపాణి ప్రకటించాడు.

హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది. ఈ వేషాలన్నీ వాళ్ళ ఫైలు కోసం. టేపు బతికింది. అంతే కావాలి. ఇంటికెళ్ళే దారిలో మిఠాయి కొంది.

* * *

ఆదివారం సాయంత్రం మళ్ళీ ఇల్లంతా జనం. కూతురు నీలిమ మొగుడితో పిల్లలతో వచ్చింది. పై వాటా వాళ్ళు వచ్చారు. పురుషోత్తం తన పాత సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ ఒక్క గంటా ఏ పనీ పెట్టుకోవద్దని బతిమాలాడు. ఇన్వర్టరు ఉంది. దాని బ్యాటరీలో నీళ్ళు కూడా పోసి పెట్టాడు. ఈసారి కరెంటు పోయే ప్రసక్తి లేదు. మాణిక్యమ్మ టీవీ ముందు తన కుర్చీలో కుదురుకుంది. ఈ రోజు పొద్దుటి నుంచీ ఆవిడ ఎవర్నీ ఒక్క మాట అనలేదని నీలిమ ఆశ్చర్యపోయింది కూడా.

ముందు చక్రపాణి కనిపించాడు. పక్కన ఒక యాంకరు అమ్మాయి.

"ఎంతో శ్రమించి దోషరహితముగా పునర్నిర్మించినాము. అయితే ఒక చిక్కు వచ్చినది. నియమము ప్రకారము మూల కార్యక్రమము మూల మాధ్యమము మీదనే ఉండవలెను. ఆ కాలపు టేపులు నేడు బజారులో ఎక్కడా దొరకవు. దేశమంతా వెదికినాము."

"అయ్యో! మరేం చేశారు సార్?"

"అదృష్టము. మా బీరువాలోనే సరిగ్గా ఒకటి దొరికినది."

హైమవతి చేతిలో మిఠాయి పళ్ళెం ఉంది. దాన్ని ఎవరికో అందించబోతూ అలాగే ఆగిపోయింది. ఒక టేపు దొరికింది. బీరువాలో.

పేర్లు పడ్డాయి. రాకెట్టు హారన్ మోగించుకుంటూ లేచింది. గరుడాచలం దిగాడు. ట్యూబులైట్ల వెలుగులో, కిరీటం సర్దుకుంటూ, వెండి మొహంతో శుక్రగ్రహపు రాణి ప్రవేశించింది.

"అమ్మా!" అని కేకేసింది నీలిమ. "నువ్వే! ఇంత లావుగా ఉండేదానివా అప్పుడు!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. పై వాటావిడ, "కళ్ళు మాత్రం అవేనండీ, మారలేదు" అంది.

పురుషోత్తం ఫోటో ఆల్బం గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా తలూపాడు. "పెళ్ళయిన కొత్త కదా. పుట్టింటి తిండి."

హైమవతి పళ్ళెం కింద పెట్టింది. వంటింటి నడవాలోకి వెళ్ళింది. మెయిన్ స్విచ్ కిందికి లాగింది. ఇన్వర్టరు కుయ్యిమని అందుకోబోతే దాన్ని కూడా కట్టేసింది.

చీకటి. ఇల్లంతా ఒకే నిట్టూర్పు.

"మళ్ళీనా!" అన్నాడు అల్లుడు. పిల్లలు ఈలలు వేశారు.

హైమవతి తడుముకుంటూ వచ్చి అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది.

"నువ్వేగా కట్టేసింది?" అంది మాణిక్యమ్మ, ఆమెకు మాత్రమే వినబడేలా.

"ఆఁ."

"మంచి పని చేశావు. ఎవత్తే ఆ సున్నం కొట్టిన పీపా? నీ పేరు చెప్పుకుని తిరుగుతోంది."

హైమవతి తలెత్తింది. "నేను కాదని మీకెలా తెలుసు?"

"చూశాను కనక."

"ఎప్పుడు?"

"ఆనాడే. కరెంటు పోగానే నువ్వు గదిలోకెళ్ళి తలుపేసుకున్నావు. రాత్రికి పప్పు లేదని గిన్నె పట్టుకుని వెనక వీధి కనకరత్నం ఇంటికెళ్ళాను. వాళ్ళది వేరే లైను. టీవీ మోగుతోంది. గుమ్మంలోనే నిలబడిపోయాను."

రబ్బరు చెప్పుల సంగతి హైమవతికి అప్పుడు తగిలింది. తనెప్పుడూ నోరు జారలేదు.

"ఎలా ఉంది అత్తయ్యా?" అంది. ఈ మాట అడగడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"తప్పులు చెప్పనా? నా పెళ్ళిచీర తిరగేసి కట్టావు. బొద్దింకలట, బొద్దింకలు! కుచ్చిళ్ళ కింద రబ్బరు చెప్పులు కనబడుతూనే ఉన్నాయి. రాణివై ఉండి ఒకసారి ముక్కు గోక్కున్నావు. ఆ బల్లి నీకన్నా బాగా నడిచింది."

"ఇంకా?"

"ఇంకేముంది."

మాణిక్యమ్మ కుర్చీలో ముందుకు వంగింది. "ఆ మాట అడిగి వాడి వంక చూస్తూ నిలబడ్డావు చూడు. కనకరత్నం మొగుడు పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని చూస్తున్నవాడు కాళ్ళు దించాడే. కనకరత్నం నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. నా చేతిలో ఖాళీ గిన్నె. పప్పు అడగడం కూడా మర్చిపోయి వచ్చేశాను. ఆ రాత్రి మనం మజ్జిగన్నం తిన్నాం, గుర్తుందా?"

గుర్తుంది. ఎందుకు తిన్నారో మాత్రం ఈ రోజే తెలిసింది.

"మరి ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"చెబితే? మర్నాడు మళ్ళీ టీవీకి పోతానంటావు. ఇక్కడ మీట నొక్కేదెవరు? నేనేగా?" మాణిక్యమ్మ చెయ్యి భుజం మీద నుంచి కదల్లేదు. "నాకూ నడుం నొప్పి ఉండేదే అప్పుడు."

హైమవతికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది, ఏది ముందో తేలలేదు. ఆమె మొహం చూసినవాళ్ళు ఈ లోకంలో ఒకరున్నారు. టేపు చెరిగిపోయింది గాని, ఈవిడ చెరగలేదు.

"హైమా!" సోఫాలోంచి పురుషోత్తం గొంతు. "పక్కింట్లో లైట్లు వెలుగుతున్నాయి. మనింట్లోనే పోయింది. మెయిన్ పడిపోయినట్టుంది." ఉద్యోగమంతా విద్యుత్ శాఖలో చేసిన మనిషి. రోగం ఏమిటో ఇట్టే చెప్పగలడు. కూర్చున్నచోటి నుంచే చెప్పగలడు. "లేచి ఒకసారి ఆ మీట పైకెత్తు, అయిపోతుంది."

హైమవతి లేచి నిలబడింది. పక్కింటి కిటికీలోంచి పడుతున్న కాస్త వెలుతుర్లో సోఫా మీద వరసగా కూర్చున్న ఆకారాలు కనబడుతున్నాయి. భర్త, అల్లుడు, పై వాటా ఆయన. ఆమె వాళ్ళ వైపు తిరిగి, తొందరపడకుండా, ఒక గ్రహాన్ని ఏలిన మనిషిలా అడిగింది.

"ఆ మీట నొక్కేదెవరు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నీలిమ తల్లి వంక చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. పిల్లలు కూడా ఈల ఆపేశారు. ఆనాడు స్టూడియోలో కనీసం ఫాను చప్పుడు ఉంది. ఇక్కడ అదీ లేదు.

హైమవతి చూస్తూ నిలబడింది. సోఫాలో ఎవరో కాళ్ళు దించిన చప్పుడైంది.